రెడ్ హెర్రింగ్: ఎర్రచేపను ఎవరు ఈడ్చారు?

శాంటా క్లారా నుంచి మాట్లాడుతున్నాను. ఇంగ్లీషు మాటల గురించి మనం అప్పుడప్పుడు చెప్పుకునే కబుర్లలో ఇవాళ ఒక చేప గురించి చెప్పుకుందాం. శాకాహారులు కంగారు పడి రేడియో కట్టేయకండి. ఈ చేపను ఎవరూ తినరు, దాని వెంట పరుగెడతారు, అంతే.

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. గుంటూరు నుంచి మా మామయ్య ఫోన్. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. "ఒరేయ్, రెడ్ హియరింగ్ అంటే ఏమిట్రా? ఈ కంపెనీ మీద కోర్టులో కేసేమన్నా నడుస్తోందా?" అని అడిగారు. ఏ కంపెనీ, ఏ కేసు అని ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి కొత్తగా షేర్లు అమ్ముతున్న ఒక కంపెనీలో పెడదామనుకుంటున్నారు. పేపర్లో వచ్చిన ప్రకటనలో అడుగున చిన్న అక్షరాల్లో "రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ చదవండి" అని ఉంది. హెర్రింగ్‌ని హియరింగ్ అని చదువుకున్నారు. నిఘంటువు తీసి చూస్తే తప్పుదారి పట్టించేది అని అర్థం కనబడింది. దాంతో ఆయనకి చెమటలు పట్టాయి. "మమ్మల్ని మోసం చేస్తున్నామని వాళ్ళే అచ్చు వేసుకుంటారట్రా?" అన్నారు.

నేను అప్పటికి ఏదో సమాధానం చెప్పి ఫోన్ పెట్టేశాను కానీ, ఈ మాట మా కంప్యూటర్ వాళ్ళ నోట్లో రోజూ నానేదే. మీటింగుల్లో వారానికి నాలుగైదు సార్లు వింటాను, నేనూ వాడతాను. నాకు ఈ మాటతో ఒక పాత బాకీ కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

ముందు చేప సంగతి. హెర్రింగ్ అనేది చల్లటి సముద్రాల్లో గుంపులు గుంపులుగా తిరిగే చిన్న చేప. మన శాన్ ఫ్రాన్సిస్కో బే లోకి కూడా ప్రతి శీతాకాలం గుడ్లు పెట్టడానికి వస్తుంది. మన గోదావరి పులస కూడా దీనికి దూరపు చుట్టమే. ఇంగ్లండులో ఐస్ పెట్టెలు లేని రోజుల్లో ఈ చేపకి బాగా ఉప్పు పట్టించి, రోజుల తరబడి పొగ పెట్టేవాళ్ళు. అప్పుడది గట్టిపడి, ఎర్రగా, ఇటుక రంగుకి తిరిగేది. అదీ రెడ్ హెర్రింగ్. నెలల తరబడి పాడయ్యేది కాదు. వాసన మాత్రం, మన బాపట్ల, కాకినాడ వైపు ఎండుచేపల సంత పక్కనుంచి బస్సులో వెళ్ళినవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఈ చేపకి తప్పుదారి అనే అర్థం ఎలా వచ్చింది? చాలామంది చెప్పే కథ ఒకటుంది. వేటకుక్కలకి శిక్షణ ఇచ్చేటప్పుడు, నక్క వెళ్ళిన దారికి అడ్డంగా ఈ ఎర్రచేపను ఈడ్చేవారట. ఆ ఘాటుకి మోసపోకుండా నక్క వాసననే పట్టుకుని వెళ్ళిన కుక్క మంచి కుక్క అన్నమాట. నేను కూడా చాలాకాలం ఇదే నిజమనుకున్నాను, నలుగురికీ చెప్పాను కూడా. వినడానికి ఎంత బాగుందో చూడండి, మాటకీ అర్థానికీ అతికినట్టు సరిపోయింది.

కాకపోతే ఇది నిజం కాదు. 17వ శతాబ్దం చివర్లో వచ్చిన ఒక గుర్రపుస్వారీ పుస్తకంలో, గుర్రాలకి వేట హడావిడి అలవాటు చేయడానికి చచ్చిన పిల్లినో నక్కనో నేల మీద ఈడ్పించమని, అవి దొరక్కపోతే ఎర్రచేపను ఈడ్పించమని రాశారు. అంటే శిక్షణ గుర్రాలకి, కుక్కలకి కాదు. చేప పని దారి చూపించడం, దారి తప్పించడం కాదు. తరువాతి వాళ్ళెవరో దాన్ని తప్పుగా అర్థం చేసుకుని రాస్తే, ఆ తరువాతి వాళ్ళు దాన్నే చూసి రాసుకుంటూ పోయారు. 2008 ప్రాంతంలో జెరాల్డ్ కోహెన్, రాబర్ట్ స్కాట్ రాస్ అనే పరిశోధకులు ఈ ముడి విప్పారు. వాళ్ళు చూపించిన అసలు మూలం ఒక పత్రికా రచయిత. పేరు విలియం కాబెట్. 1807 ఫిబ్రవరి 14న తన పొలిటికల్ రిజిస్టర్ అనే పత్రికలో ఆయన ఒక కథ చెప్పాడు. చిన్నప్పుడు తాను కుందేలు వెంటపడ్డ కుక్కల దారిలో ఎర్రచేపను ఈడ్చి వాటిని పక్కకి మళ్ళించానని. ఇంతకీ ఆయన తిట్టింది కుక్కల్ని కాదు, తోటి పత్రికల్ని. నెపోలియన్ ఓడిపోయాడని ఒక తప్పుడు వార్త వస్తే, పత్రికలన్నీ దాని వెంటపడి ఇంట్లో జరుగుతున్న అసలు విషయాల్ని వదిలేశాయని ఆయన కోపం. ఆ కథ ఆయన సొంత అనుభవమో, కల్పనో ఇప్పుడు తేల్చలేం. మాట మాత్రం జనంలో నాటుకుంది.

తప్పుదారి పట్టించేది అని అర్థమున్న మాటకి చెప్పుకునే పుట్టుక కథే మనల్ని ఇన్నాళ్ళు తప్పుదారి పట్టించింది. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఆఫీసు కేంటీన్లో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

మామయ్య ప్రశ్నకి వద్దాం. ప్రాస్పెక్టస్‌లో రెడ్ హెర్రింగ్ వేరు. అమెరికాలో ఒక కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మేముందు ఒక ముందస్తు పత్రం పంచుతుంది. ఇంకా ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆమోదం పూర్తి కాలేదు, ఇందులోని వివరాలు మారవచ్చు, దీన్ని చూసి ఇప్పుడే అమ్మకం అనుకోవద్దు అనే హెచ్చరికను దాని అట్ట మీద ఎర్రసిరాతో అచ్చు వేయడం ఆనవాయితీ. ఆ ఎర్ర అక్షరాల వల్ల దానికా ముద్దుపేరు వచ్చింది. మన వాలీలో ఈ పేరు ఎంత మామూలైపోయిందంటే, 1993లో కొత్త కంపెనీల మీద రెడ్ హెర్రింగ్ అనే పేరుతోనే ఒక పత్రిక మొదలైంది, డాట్‌కామ్ రోజుల్లో దాన్ని చదవనివాడు లేడు. తమాషా ఏమిటంటే ఇక్కడ ముద్దుపేరుగా ఉన్న మాటకి ఇండియాలో చట్టంలోనే చోటు దొరికింది. 2013 కంపెనీల చట్టంలో 32వ సెక్షన్ దాని గురించే. ఎన్ని షేర్లు, ఏ ధరకి అన్న పూర్తి వివరాలు ఇంకా తేలని ప్రాస్పెక్టస్ అని దాని అర్థం. మోసం అని కాదు. పైపెచ్చు, కంపెనీకున్న అప్పులు, కేసులు, రాబోయే ప్రమాదాలు అన్నీ అందులోనే రాయాలి. కాబట్టి మామయ్య భయపడాల్సింది ఆ పేరు చూసి కాదు, దాన్ని చదవకుండా డబ్బు కట్టడానికి.

సరే, మామూలు సంభాషణలో ఈ మాట ఎప్పుడు వాడాలి? అసలు విషయం నుంచి మన దృష్టిని పక్కకి లాగే సంగతి ఏదైనా రెడ్ హెర్రింగే. డిటెక్టివ్ కథల్లో ఇది రచయిత ఆయుధం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కథలు పరుపు కింద దాచుకుని చదివినవాళ్ళకి తెలుసు, మొదటి పది పేజీల్లోనే మెల్లకన్నుతో, మాసిన గడ్డంతో అనుమానాస్పదంగా తిరిగేవాడెవడైనా కనబడితే వాడు హంతకుడు కాడని. డొరోతీ సేయర్స్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1931లో ఐదు రెడ్ హెర్రింగులంటూ నవల పేరులోనే లెక్క చెప్పేసింది. వాదనల్లో అయితే, జవాబు చెప్పలేనివాడు మాట మార్చడానికి విసిరే సంగతిని రెడ్ హెర్రింగ్ అంటారు. సంఘం లెక్కలు ఏవండీ అని అడిగితే, "అమెరికాలో తెలుగు ఎలా చచ్చిపోతోందో చూశారా" అని మొదలుపెట్టే పెద్దమనుషులు మనకి కొత్త కాదు కదా.

దీన్ని కొన్ని దగ్గరి మాటలతో కలిపేస్తుంటారు. మిస్‌నోమర్ అంటే పేరే తప్పు, అంతే. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు అని చెప్పుకునే ఫార్టీనైనర్స్ 2014 నుంచి ఆడుతున్నది మన శాంటా క్లారాలో. దానివల్ల టికెట్ కొన్న చుట్టాలు దారి తప్పితే తప్పొచ్చు గానీ అది రెడ్ హెర్రింగ్ కాదు. డికాయ్ అంటే ఎర, తన వైపు రప్పించుకోవడానికి పెట్టేది. ఎర్రచేప పని దాని దగ్గరికి రప్పించడం కాదు, అవతలిదాని నుంచి మళ్ళించడం. బే ఒడ్డున నడకకి వెళ్ళేవాళ్ళు కిల్డీర్ అనే పిట్టను చూసే ఉంటారు. గూటి దగ్గరికి మనం వెళ్తే రెక్క విరిగినట్టు నేల మీద కొట్టుకుంటూ, కుంటుతూ అవతలికి పోతుంది. మనం జాలిపడి దాని వెంట పదడుగులు వేశామా, గుడ్లకి దూరమైనట్టే. అప్పుడు ఆ విరిగిన రెక్క చక్కగా అతుక్కుని తుర్రుమంటుంది.

మరి దీనికి తెలుగేమిటి? ఫోన్లో మామయ్యను అడిగాను. తెలుగు మాస్టారు కదా, ఊరుకుంటారా. మొదట "రామాయణంలో పిడకల వేట" అన్నారు. మళ్ళీ ఆయనే, "కాదులే, అది సంబంధం లేనిదే గానీ దారి తప్పించేది కాదు" అన్నారు. ఆవు వ్యాసం కూడా అంతే. ఏ ప్రశ్న ఇచ్చినా ఆవు దగ్గరికే వచ్చే కుర్రాడు ఎవర్నీ మోసం చేయడం లేదు, వాడికి తెలిసింది అదొక్కటే. కాసేపాగి మామయ్య, "నీకు కావలసింది మాయలేడి" అన్నారు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. నిజమే కదా. మారీచుడు బంగారు లేడిగా వచ్చింది దొరకడానికి కాదు, రాముణ్ణి ఆశ్రమం నుంచి దూరంగా లాక్కెళ్ళడానికి. చచ్చేటప్పుడు రాముడి గొంతుతో అరిచింది లక్ష్మణుణ్ణి కూడా కదిలించడానికి. ఇంతకంటే చక్కని ఎర్రచేప ప్రపంచ సాహిత్యంలో ఉందా? నేను సంబరపడిపోతుంటే మామయ్య ఒక మెలిక పెట్టారు. "మాయలేడి వెనక ఒక రావణుడుంటాడురా. ఎవడూ లేకుండా నీ అంతట నువ్వే పొరబడితే దాన్ని మాయలేడి అనకూడదు. అది చీకట్లో తాడును చూసి పామనుకోవడం. అక్కడ తాడుది తప్పేం లేదు."

ఇంగ్లీషులో ఈ తేడా లేదు. ఎవరో కావాలని ఈడ్చినా, ఎవరూ ఈడ్వకపోయినా, రెండింటినీ రెడ్ హెర్రింగ్ అనే అంటారు. చిన్న తేడాలా కనబడుతుంది గానీ కాదు.

మనవాళ్ళందరికీ తెలిసిన ఒక ఉదాహరణ తీసుకుందాం. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీల్ని సుమారు 160 కోట్ల డాలర్లకి కొంటున్నామని ప్రకటించింది. రెండూ రామలింగరాజు గారి కుటుంబానికి సంబంధించినవి. సత్యం అనే ఇంగ్లీషు స్పెల్లింగును వెనకనుంచి చదివితే మేటాస్ వస్తుంది, అది అప్పట్లో పిల్లలక్కూడా తెలుసు. వాటాదార్లు భగ్గుమన్నారు, న్యూయార్క్‌లో షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది, గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత మూడు వారాలూ ఒకటే చర్చ. సొంత కొడుకుల కంపెనీలకి వాటాదార్ల డబ్బు ఎలా ధారపోస్తారు? బోర్డులో పెద్దలు ఎలా ఒప్పుకున్నారు? ఒక్కొక్కరే రాజీనామా చేశారు. ఇక్కడ ఇంటెల్‌లో పెంటియం చిప్‌తో పేరుపడ్డ వినోద్ ధామ్ గారు కూడా ఆ నెలాఖరున తప్పుకున్నారు. నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్ టీవీ గదిలో రోజూ ఇదే గొడవ, మేమూ గొంతులు చించుకున్నాం.

2009 జనవరి 7న ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. మేటాస్ కొనుగోలు, లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని ఆ ఉత్తరంలోనే ఉంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది, వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు, బెయిలు వచ్చింది, అదంతా మీకు తెలిసిన కథే.

నేను చెప్పదలచుకున్నది ఆ మూడు వారాల గురించి. "ఆ డబ్బు కొడుకులకి ఎందుకిస్తున్నారు?" అని అందరం అడిగాం. ఆ ప్రశ్నలోనే, ఆ డబ్బు ఉంది అనే నమ్మకం దాగి ఉంది. ఖాతాలో ఉందా అసలు అని మా టీవీ గదిలో ఒక్కడు అడగలేదు. దీన్ని రెడ్ హెర్రింగ్ అనవచ్చా? చాలామంది అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. లెక్కల్లో దొంగ అంకెలు వేయడం ముమ్మాటికీ మారీచుడి పనే. మేటాస్ గొడవ మాత్రం ఎవరూ మనల్ని మళ్ళించడానికి వేసిన చేప కాదు. అది అసలు దొంగతనం ఇంటి గుమ్మందాకా వెళ్ళిన దారే, మనమే గుమ్మం దగ్గర ఆగి పెరట్లో చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు నా బాకీ.

2018లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక కంపెనీకి కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. రాత్రిపూట ఆర్డర్లన్నీ గిడ్డంగికి పంపే ప్రోగ్రాము ఒకటి ఉండేది. నా కింద వరంగల్ కుర్రాడొకడు, ఎమ్మెస్ అయ్యి మూడేళ్ళయింది, హెచ్ వన్ మీద ఉన్నాడు. ఒక శనివారం సాయంత్రం వాడు ఒక చిన్న మార్పు ఎక్కించాడు. ఆ రాత్రే ప్రోగ్రాము పడిపోయింది. లాగ్ తెరిస్తే మొదటి వరుసలోనే వాడి మాడ్యూలు పేరు. తెల్లవారుజామున కాల్‌లో పదిహేనుమంది, అందులో సగంమంది మేనేజర్లు. "అన్నా, నా మార్పు ఆ దారిలోకే రాదు, ఒక్కసారి చూడండి" అని వాడు విడిగా మెసేజ్ పెట్టాడు. నేను చూడలేదు. "నిన్న ఎక్కించిన మార్పు వల్లే" అని కాల్‌లో చెప్పాను. మార్పు వెనక్కి తీశాం, మళ్ళీ నడిపాం, నడిచింది. ఇంకేం, రుజువైపోయింది. ఆ వారంలోనే వాణ్ణి ప్రాజెక్టు నుంచి తీసేశారు. వాడి కన్సల్టింగ్ కంపెనీ ఇంకో ప్రాజెక్టు చూపించలేక ఉద్యోగంలోంచి కూడా తీసేసింది. హెచ్ వన్ మీద ఉద్యోగం పోతే మనకి దొరికే గడువు మహా అయితే 60 రోజులు, ఆ లెక్క మనవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

రెండు వారాల తరువాత మళ్ళీ పడిపోయింది, వాడి మార్పు లేకుండానే. ఈసారి నెమ్మదిగా చూశాం. పని పంచుకునే సర్వర్లు రెండున్నాయి. వాటిలో ఒకదానికి సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ఆ శనివారమే అయిపోయింది. పని ఒక సర్వర్‌కి వెళితే నడుస్తుంది, రెండోదానికి వెళితే పడిపోతుంది. మొదటిరోజు వెనక్కి తీశాక నడవడం వట్టి కాకతాళీయం. పడిపోయినప్పుడు ఏ మాడ్యూలు నడుస్తుంటే దాని పేరు లాగ్‌లో పడుతుంది, అంతే. వాడి మార్పు నిజంగానే ఆ దారిలోకి రాదు. పావుగంట చూస్తే తెలిసేది.

ఆ సంఘటన మీద రాసిన నివేదికలో ఒక వాక్యం ఉంది, కోడ్ మార్పు రెడ్ హెర్రింగ్ అని తేలిందని. రాసింది నేనే. అందరూ తలలూపారు. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో చూడండి. ఎవరో, ఎక్కడినుంచో, చేపను ఈడ్చుకుంటూ పోయారు, పాపం మేము మోసపోయాం అన్నట్టుంది. అక్కడ మారీచుడు లేడు, రావణుడు లేడు. ఒక తాడు ఉంది, దీపం పెట్టి చూడని నేనున్నాను.

వాడికి ఫోన్ చేశాను. అప్పటికి నలభై రోజులు దాటాయి. జరిగింది చెప్పి, "నీ మార్పు రెడ్ హెర్రింగ్ అని తేలిందిరా, నీ తప్పేం లేదు" అన్నాను. కాసేపు అటునుంచి ఏమీ వినబడలేదు. తరువాత, "అంటే రెడ్ హెర్రింగ్ నేనేనా అన్నా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. నేను వాళ్ళ పాత మేనేజరుకి ఉత్తరం రాశాను, తప్పు నాదని పేరు పెట్టి రాశాను, నివేదికలో ఆ వాక్యం కూడా మార్పించాను. దానివల్ల ప్రాజెక్టు తిరిగి రాలేదు. గడువు ముగియడానికి వారం ముందు డాలస్‌లో ఉద్యోగం దొరికిందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. దీపావళికి మెసేజ్ పెడితే జవాబు ఇస్తాడు, ఫోన్ మాత్రం ఎత్తడు.

మామయ్యకి ఈ కథంతా చెప్పలేదు. తాడు, పాము అని ఆయన అన్నప్పుడు నేనెందుకు మాట్లాడకుండా ఉండిపోయానో ఆయనకి తెలియదు. ఇంతకీ ఆయన ఆ ప్రాస్పెక్టస్ ప్రింటు తీయించుకున్నారు. నాలుగు వందల పైచిలుకు పేజీలు, పక్కింటి కుర్రాడి చేత, పేజీకి రూపాయిన్నర చొప్పున. ఎర్రపెన్నుతో గీతలు గీస్తూ, పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దుతున్నారట. కంపెనీ మీద ఉన్న కేసుల పట్టిక దగ్గరికి వచ్చారు, "నేను రెడ్ హియరింగ్ అన్నది మరీ తప్పేం కాదురోయ్" అని నిన్న మళ్ళీ ఫోన్ చేశారు.

వచ్చేవారం ఇంకో మాటతో కలుద్దాం.